సాంచెల గల్లీల మెల్లగ మాట

సిరిసిల్లల మా గల్లీ పేరు చెప్తే ఎవలూ పిల్లనియ్యకపోదురు. పొద్దంత బట్టనేసే సాంచెల చప్పుడు, పొద్దుగూకితే కొట్లాటలు. బట్టకు గిరాకి పడిపోయినప్పుడు నేను ఇల్లమ్ముకొని పని కోసం మహారాష్ట్రల భివండి పోయిన. పక్కింటోడు ఒళ్లు బద్ధకంతోని ఉండిపోయిండు. ఇప్పుడు గల్లీల జాగలకు రేటొచ్చి, వాని సాంచెల షెడ్డు జాగల మూడంతస్తులు లేచినయి, కింద బేకరి.

మొన్న వాని బేకరికి పోయి "ఏంరా, బాగున్నవా?" అన్న. సాంచెల నడుమ మాట్లాడి పెరిగిన గొంతు గదా, అరిచినట్టే ఉంటది. బేకరిల కూసున్న పిల్ల "తాతా, జర మెల్లగ" అన్నది. గీ గల్లీల నాకు చెప్పుడా!

వాడు నవ్వి, "కూసో అన్నా, చాయ్ తాగు" అన్నడు, మెల్లగ. నాతోటే సాంచెలు నడిపినోడు. మూడంతస్తులు చూసి గూడ గంత కుళ్లుకోలేదు నేను, వాని మెత్తటి గొంతు వింటే కడుపు మండింది. చాయ్ వద్దని ఇంకింత గట్టిగ అరిచి వచ్చిన.