మా మేనత్త నీడమడి

రాజోలు సంతలో బియ్యం బేరమాడుతుండగా మా ఊరి పడవవాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మీ మేనత్తగారు పొద్దున్నే పోయేరండి. నాన్నగారు ఉన్నపళంగా రమ్మన్నారండి," అన్నాడు. వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కార్తీకంలో బియ్యం కొనుక్కుంటున్నానంటే, ఈ ఏడు మా చేను ఏమైందో మీకు అర్థమయ్యే ఉంటుంది. అగ్గితెగులు పడింది. ఆ తెగులుతో అయిదేళ్లు పంతం పట్టిన మనిషి, అది తిరిగొచ్చిన ఏడే వెళ్లిపోయింది.

మా మేనత్త నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. నన్ను పెంచింది ఆవిడే.

కాలవ నీళ్లు మా పొలాలకు అందిన కొత్తలో ఆ తెగులు మొదటిసారి విరుచుకుపడింది. ఆకుల మీద నిప్పురవ్వలు రాలినట్టు మచ్చలు. తర్వాత గింజలు పట్టే వెన్ను మెడ దగ్గర నల్లబడి విరిగిపోయేది. చేనంతా దాదాపు గింజలేని తాలే. అమ్మవారికి కోపం వచ్చిందని ఊరు జాతరకు సిద్ధమైంది. మా అత్త మాత్రం చేలో దిగి పొద్దుగూకేదాకా తిరిగి, ఏ రోగమూ అంటని పదకొండు దుబ్బులు పట్టుకుంది.

"అమ్మవారికి కోపమైతే వీటినెందుకు వదిలేసిందంట? ముందది కనుక్కోండి," అంది ఊరిపెద్దలతో.

ఆ వెన్నులు ఒళ్లో కోసుకొచ్చి, గింజలు దూసి, వేపాకు వేసి కుండలో దాచింది. మరుసటేడు మంచి మడిలో నాటుతుందనుకున్నాం. ఆవిడ కొబ్బరిచెట్ల నీడలో, మధ్యాహ్నం దాకా మంచు ఆరని మూల నాటింది. చాలదన్నట్టు చుట్టూ రోగం పడ్డ చేని విత్తనమే వేసింది.

"మా అక్కయ్య రోగానికి విందు పెడుతోందండి, ఆయ్!" అని నాన్న గట్టు మీద పోయేవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఒక్కో వెన్ను మెడ బొటనవేలితో నొక్కి చూసేది. నల్లబడిన దుబ్బును పీకేసేది. మిగిలింది విత్తనానికి ఉంచేది. పెద్ద చేలో వేద్దామని మేం తొందరపెడితే, "ఇంకొక్క ఏడు చూద్దాంరా," అనేది.

మూడో ఏడు ఆవిడకు చలిజ్వరం వచ్చి పని నా మీద పడింది. నా తెలివి అక్కడ బయటపడింది. అత్త ప్రాణంగా దాచుకున్న గింజలు ఆ చెమ్మమూలలో పాడైపోతాయని, అన్నీ తీసుకెళ్లి ఎండ తగిలే మడిలో నాటాను. ఒక్క వెన్నూ విరగలేదు. అన్నీ కలిపి నూర్చి, బుట్టెడు గింజలు ఆవిడ మంచం దగ్గర పెట్టాను, మెచ్చుకుంటుందని.

అత్త గింజల్లో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూసింది. "సుఖంగా పెంచితే అన్నీ బాగానే ఉంటాయిరా అబ్బాయీ. ఇందులో తట్టుకునేదేదో, తట్టుకోలేనిదేదో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఒక ఏడాది వృథా అయింది, అంతే. జ్వరం తగ్గాక మళ్లీ ఆ నీడలోకే వెళ్లింది.

ఈ ఏడు పెద్ద చేను మొత్తం పడిపోయింది. నీడమడి నిలబడింది. మళ్లీ జబ్బుపడి మంచం దిగలేని అత్తకు పరుగున వచ్చి చెప్పాను. "గింజ గట్టిపడేదాకా నమ్మకు," అంది. గట్టిపడేదాకా ఆవిడ ఉండలేదు.

ఆవిడ పోయిన ఎనిమిదో రోజున ఆ మడి కోశాను. అప్పటికే ఊళ్లో నలుగురు తలో గుప్పెడు విత్తనం అడిగి వెళ్లారు. "ఒక్క గింజ పోకూడదురా. పిండానికి సంతబియ్యం ఉన్నాయిగా," అన్నాడు నాన్న. నాన్న మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆరోజు చెప్పాను. గుప్పెడు గింజలు ఎండబెట్టి నేనే దంచాను.

ఇన్నేళ్లూ పండిన ప్రతి గింజా విత్తనానికే పోయింది. ఆ బియ్యం మా ఇంట్లో ఎసట్లో పడటం అదే మొదలు. నేను ఆ ఏడాది పాడుచేయకపోతే, పోయినేడే ఆ అన్నం అత్త కంచంలోకి వచ్చి ఉండేది. అన్నం కాస్త ఎర్రగా వచ్చింది. రుచి ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు.

పదో రోజున గోదావరి ఒడ్డున పిండం పెట్టాను. "చేతులు కడుక్కోండి బాబూ," అన్నారు పంతులుగారు. నీళ్లలోకి దిగి చూసుకుంటే వేళ్లకు రెండు మెతుకులు అంటుకుని ఉన్నాయి. పంతులుగారు మళ్లీ పిలిచారు. చెయ్యి ముంచలేక అలాగే నిలబడిపోయాను.