ఆగి ఆగి నడిచిన కెమెరా

మర్రిగూడ దాటాక పత్తి చేల పక్కన మేకలు మేపుతున్న ఒక అవ్వ కనిపించింది. వారం రోజులుగా ఒంటరిగా తిరుగుతున్నాను. మాటకు మొహం వాచి ఉన్నాను. అయినా పలకరించగానే చేసిన పని కెమెరా తీయడమే.

ఆమె మేకల సంగతి చెబుతుండగానే రికార్డింగ్ ఆగిపోయింది. మెమరీ కార్డు కొనేటప్పుడు ఎన్ని జీబీలో చూశానే గానీ, వీడియోను అందుకునేంత వేగం దానికి ఉందో లేదో చూడలేదు. "మళ్లీ ఒకసారి చెప్పవా అవ్వా" అంటూ తలెత్తాను. మళ్లీ ఆగింది. మళ్లీ తలెత్తాను.

విసుక్కుంటుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"గా కెమెరా ఆగుడే మంచిగున్నది బిడ్డా. నడిచినంతసేపు నువ్వు దాని దిక్కే సూస్తున్నవ్. ఆగినప్పుడే నా మొకం సూస్తున్నవ్. పొద్దంతా మేకలతోనే నా ముచ్చట. మనిషి మొకం సూసి మాట్లాడక ఎన్నొద్దులాయెనో."

"నాదీ అంతే అవ్వా" అన్నాను.

"అట్లయితే జర కూసో" అని భుజం మీది గొంగడి పరిచింది.

సాయంత్రం నకిరేకల్‌లో వేగమైన కార్డు వెతికి కొన్నాను. ఆ తర్వాత ఎందరినో తీశాను. రికార్డింగ్ ఒక్కసారి కూడా ఆగలేదు. ముఖం మాత్రం అవ్వదొక్కటే గుర్తుంది.