మోటతాడులో రెండు అతుకులు

మోట తోలడం చూడనివాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి. బావి ఒడ్డున గిరక ఉంటుంది. గిరక మీదుగా తాడు, తాడుకు ఒక కొసన నీళ్ల బొక్కెన, ఇంకో కొసన ఎడ్ల కాడి. ఎడ్లు పల్లంగా ఉన్న మోటదారిలో కిందికి దిగుతుంటే బొక్కెన పైకి లేస్తుంది. అప్పుడు మోట తోలే మనిషి ఎగిరి తాడు మీద కూర్చుంటాడు. ఆ బరువు కూడా కలిస్తేనే ఎడ్లకు కాస్త తేలిక. తాడు తెగిందా, ఎడ్లు ముందుకు బోర్లపడతాయి. మనిషి వాటి కాళ్ల కింద పడతాడు.

మా ఊళ్లో పటేల్ బావి దగ్గర అట్లా తాడు మీద కూర్చునేది నా పెనిమిటి. ఆ తాడు అల్లింది నేను.

నేను రామన్నపేట అవతలి నుంచి కాపురానికి వచ్చిన రెండో ఏడు మా మామకు కుడిచెయ్యి పడిపోయింది. మాది తోలుపని ఇల్లు. చుట్టుపక్కల నాలుగు మోటబావులకు మామ అల్లిన తాడే. అత్త నేను రాకముందే పోయింది. నా పెనిమిటి చిన్ననాటి నుంచీ పటేల్ దగ్గర జీతం ఉన్నాడు, ఆయనకు ఎడ్లు తెలుసు గాని తోలు తెలియదు. మా ఇళ్లల్లో ఆడవాళ్లం చెప్పుల తోలు ఊరబెట్టడానికి తంగేడు చెట్టు బెరడు, అదే చెక్క, దంచేవాళ్లం, తోళ్లు కడిగేవాళ్లం, వెంట్రుకలు గీకేవాళ్లం. తాడు అల్లడం మాత్రం మగవాళ్ల పని. ఆడది అల్లిన తాడు బావిలోకి దిగకూడదని ఒక కట్టడి ఉండేది. అది ఎవరు పెట్టారో మాకెవరికీ తెలియదు.

ఒకరోజు మామ నన్ను పిలిచి, నానిన దున్నతోలు ముందు కూర్చోబెట్టాడు.

"నా శెయ్యి పోయింది గని నోరు పోలే. నేను జెప్త, నువ్వు అల్లు."

"ఎవలన్న సూస్తే ఎట్ల మామా?"

"తలుపు దగ్గరికెయ్యి. కోడలు జడేసుకుంటాంది అనుకుంటరు."

అట్లా మొదలైంది. మోటతాడుకు తోలును చెక్కలో ఊరబెట్టరు, పచ్చితోలే వాడతారు. గుండ్రంగా కోసుకున్న తోలును అంచు నుంచి మొదలుపెట్టి, సుడి తిరిగినట్టు లోపలికి కోసుకుంటూ పోతే ఒకటే పొడుగు తోలుపట్టీ, అంటే వారు, వస్తుంది. మొదటి రోజు నా వారు ఒకచోట బొటనవేలంత, ఒకచోట చిటికెనవేలంత వచ్చింది. "కత్తిని కదిలియ్యకు బిడ్డా, తోలును తిప్పు" అనేవాడు మామ. ఆ మాట చెవికి ఎక్కడానికి ఒక రోజు, చేతికి ఎక్కడానికి నెల పట్టింది. కోసిన వార్లను రాయి కట్టి వేలాడదీయాలి, సాగినంత సాగనివ్వాలి. అల్లే ముందు వారును చెంపకు ఆనించుకుని చూడాలి. చల్లగా తగలాలి, తడి మాత్రం అంటకూడదు. తడి ఎక్కువుంటే ఆరాక అల్లిక వదులైపోతుంది. తక్కువుంటే మెలి దగ్గర పగులుతుంది.

జడ అయితే మూడు పాయలు. తాడుకు నాలుగు. ఎడమ కాలి బొటనవేలికి కొస కట్టుకుని, నడుము వెనక్కి వాల్చి, ఒక్కో మెలికకూ ఊపిరి బిగబట్టి గుంజాలి. మామ మంచం మీద పడుకుని కళ్లు మూసుకునే వినేవాడు. గుంజినప్పుడు తోలు చేసే చప్పుడును బట్టి "గా మెలిక వదులైంది, మళ్ల గుంజు" అనేవాడు.

అతుకుల గురించి మాత్రం లేచి కూర్చుని చెప్పాడు. ఒక వారు అయిపోయిన చోట దాని కొసను చీల్చి, కొత్త వారు కొసనూ చీల్చి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి బిగించాలి. అతుకు ఎంత బాగా వేసినా అక్కడ బలం సగమే. అందుకని రెండు అతుకులు ఒక్కదగ్గర పడకూడదు. నడుమ కనీసం జానెడు ఎడం ఉండాలి.

ఎడమచేత్తో, పళ్లతో పట్టి తానే అల్లుతున్నానని మామ బయట చెప్పేవాడు. రెండు చిన్న తాళ్లు, నాలుగు పలుపులు అల్లాక పటేల్ బావికి పెద్ద తాడు పని వచ్చింది. ఈసారి పక్కనుండి చెప్పక్కర్లేదని, నేనే అల్లుతానని మామతో అన్నాను. అల్లుతుంటే ఒక వారులో పురుగు కొట్టిన తూటు కనిపించింది. తూటున్న వారు పనికిరాదని మామ చెప్పిందే గుర్తొచ్చి, అంతవరకు కోసేసి కొత్త వారు అతికాను. మంచిపని చేశాననే అనుకున్నాను. ఇంకో బారెడు అల్లిన తర్వాత ఎందుకో చేత్తో వెనక్కి తడిమాను. నేను ఇప్పుడు వేసిన అతుకుకూ, పక్క పాయలో అంతకుముందు వేసిన అతుకుకూ నడుమ నాలుగు వేళ్లే.

మామ నిద్రపోతున్నాడు. లేపితే విప్పమంటాడు. వార్లు అప్పటికే ఆరుతున్నాయి, విప్పితే మెలికలన్నీ పట్టుకుని ఉంటాయి, మళ్లీ నానబెట్టాలి. పటేల్ పొద్దు వాలకముందే వస్తానన్నాడు. అదొక్కటే కాదు, ఎవరినీ అడగకుండా నేనే అల్లిన మొదటి పెద్ద తాడు అది. అల్లుతూనే పోయాను. పైన కొవ్వు, ఆముదం పట్టించేసరికి అతుకులు నాకే కనపడలేదు.

పటేల్ వచ్చాడు. తాడును వాకిట్లో నేల మీద పెట్టమని, చెంబుతో నీళ్లు చల్లించి, అప్పుడు చేతికి తీసుకున్నాడు. కాలు ఆనించి గుంజి చూశాడు.

"ముసలోడా, శెయ్యి పడ్డది గని పనితనం పడలే" అన్నాడు.

మామ నవ్వాడు. నేను లోపలికి పోయి కత్తి కడిగాను.

మర్నాడు పొద్దున్నే గిరక మొదలైంది. మా ఇంటికి ఆ బావి నాలుగు మడులు అవతల, గిరక చప్పుడు వాకిట్లోకి వినిపిస్తుంది. ఎడ్లు దిగేటప్పుడు కిర్రుమని పొడుగ్గా, అవి వెనక్కి ఎక్కేటప్పుడు గడగడమని. అతుకులున్న చోటు తాడుకు ఇంచుమించు నడిమిన. అంటే బొక్కెన సగం లేచినప్పుడు ఆ చోటు గిరక మీదికి వస్తుంది, నీళ్ల బరువు మొత్తం, నా పెనిమిటి బరువు మొత్తం దాని మీదే. కిర్రు మొదలు కాగానే నా పని ఆగిపోయేది. గడగడ వినిపించాక మళ్లీ రోకలి ఎత్తేదాన్ని. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎన్ని బొక్కెన్లు లేస్తాయో లెక్కపెట్టినదాన్ని ఊళ్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రెండోరోజు సద్ది తీసుకుని బావి దగ్గరికి వెళ్లాను. ఆయన జొన్నగట్క తింటుంటే నేను తాడు వైపే చూస్తున్నాను.

"ఏందే, నన్ను సూడనీకి వచ్చినవా, తాడును సూడనీకి వచ్చినవా?"

"ఓ మాట ఇను. జర తాడు మీద కూసోకు."

"కూసోకుంటే?"

"ఎడ్ల ఎంట నడువు."

"నడిస్తే పటేల్ నన్ను కూడ కాడికి కడ్తడు" అని నవ్వాడు. "నువ్వల్లిన తాడే గద. మంచం కంటే మంచిగుంది."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన పటేల్‌తో ఏమనాలి? తాడు ఎవరు అల్లారో బయటపడుతుంది. నాలుగు బావుల వాళ్లూ మా గడప తొక్కరు, మామ పేరు పోతుంది. ఖాళీ గిన్నె తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మూడోరోజు నేను వాకిట్లో తంగేడు చెక్క దంచుతున్నాను. కిర్రు మొదలైంది. మధ్యలో ఆగిపోయింది.

గడగడ రాలేదు. ఎడ్లను అదిలించే కేక రాలేదు. రోకలి పడేసి అరుగు మీది మంచం దగ్గరికి ఉరికాను.

"మామా, రెండు అతుకులు ఒక్కకాడ పడ్డయి."

మామ మంచం మీదనే లేచాడు. "ఎప్పుడు సూసినవ్?"

"అల్లుతాంటెనే."

 ఆయన బావి వైపు చూసి, "ఉరుకు. ఆపు" అన్నాడు.

మడుల గట్ల మీద ఎట్లా పరుగెత్తానో తెలియదు. ఒకచోట జారి మోకాలిదాకా బురదలో దిగబడ్డాను. వెళ్లేసరికి నా పెనిమిటి మోటదారి నడుమ నిలబడి ఉన్నాడు. ఎద్దు మెడ దగ్గర పలుపు ఊడిపోతే బిగిస్తున్నాడు. పటేల్ ఒడ్డున కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. బొక్కెన బావిలో సగంలో వేలాడుతోంది, తాడు వణుకుతోంది.

ఏమీ కాలేదు. వెనక్కి తిరిగి వచ్చేయవచ్చు. పలుపు బిగించి ఆయన మళ్లీ తాడు మీదికి కాలు ఎత్తాడు.

"కూసోకు. తాడుల తప్పున్నది" అన్నాను.

పటేల్ చుట్ట తీశాడు. "ఏం తప్పు? మీ మామ అల్లిన తాడుల నువ్వు తప్పు సూస్తవా?"

"మామ నేర్పిండు పటేలా. అల్లింది నేను."

 పటేల్ నా పెనిమిటి వైపు తిరిగి, "మూడు దినాల సంది ఆడిదాని తాడుతోని నా పొలం పారుతాందారా?" అన్నాడు.

"నీళ్లకేం ఎరుక పటేలా, ఎవలల్లిండ్రో" అన్నాడు ఆయన.

"నీళ్లు సరే. నా ఎడ్లకేమన్నయితే?"

పటేల్ ఎడ్ల గురించే అడిగాడు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

నెమ్మదిగా బొక్కెన దించి తాడు తీశారు. నేను గోటితో కొవ్వు గీకి అతుకులు చూపించాను. ఒకటి గట్టిగానే ఉంది. రెండోదాని చీలిక కొసదాకా చిరుగుతూ వచ్చి, ఇంక గోరంత మిగిలింది. నా పెనిమిటి దాన్ని వేలితో తాకి చూశాడు. నవ్వలేదు. ఆరోజు నుంచి నాతో మాటలు మానేశాడు.

పటేల్ పాత తాడును కొట్టంలోంచి తెప్పించాడు. "నాట్లు ఆగొద్దు. నాలుగు దినాలల్ల కొత్తది రావాలె. ఎవలల్లుతరో నాకు జెప్పకుండ్రి" అన్నాడు. మిగిలిన మూడు బావుల వాళ్లలో ఇద్దరు ఆ ఏడు వేరే ఊరి తాళ్లు తెచ్చుకున్నారు.

అతుకులున్న ముక్కను కోసి ఇంటికి తెస్తే మామ దాన్ని బొటనవేలితో చాలాసేపు తడిమి, "ఇగ జానెడు కాదు. మూరెడు ఎడం పెట్టు" అన్నాడు. అంతే.

కొత్త తాడు అల్లాను. తలుపు తీసే అల్లాను. ఆరాక వాకిట్లో వేపకొమ్మకు కట్టి, కిందికొసకు రోలు వేలాడదీసి, దాని మీద నేను ఎక్కి కూర్చున్నాను. వాడలో ఆడవాళ్లు గుమిగూడారు.

"కోడలు ఉయ్యాల ఊగుతాంది" అన్నారెవరో.

నా పెనిమిటి గడపలో నిలబడి చూస్తున్నాడు. అన్ని రోజుల తర్వాత నాతో నోరు విప్పాడు. "జర సేపు ఉండు. నువ్వు నాకంటే తేలిక గద" అని, లోపలికి పోయి జొన్నల మూట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

ఆ బావికి ఆయిల్ ఇంజన్ వచ్చేదాకా ప్రతి తాడూ అట్లాగే వెళ్లింది. కొమ్మ కిర్రుమంటుంటే మూట పట్టుకుని కూర్చునేదాన్ని. నేను దిగేదాకా ఆయన తాడు ముట్టేవాడు కాదు.