కృపావతి కొన్న పవర్ యాంప్

"ఏడవ్వేటే నువ్వు?"

కృపావతిని అత్త ముత్యాలమ్మ ఈ మాట అడిగింది 2006 మార్చిలో, కొడుకు పోయిన మూడోవారం. కోడలు అప్పుడు స్పీకరు పెట్టె వెనక చెక్క విప్పి, స్పీకర్ల మీద నిరోధం ఎన్ని ఓములని రాసుందో చూస్తోంది. "ఎనిమిదేసి," అంది. అత్తకు జవాబుగా కాదు.

భర్త పోయిన మనిషి ఏం చెయ్యాలో మన సమాజం జాబితా రాసి పెట్టింది. అందులో స్క్రూడ్రైవర్ లేదు.

సురేంద్ర అరకు చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ సభల్లో గిటారు వాయించేవాడు. అతనికో డిజిటల్ ప్రాసెసర్ ఉండేది. రకరకాల యాంప్లిఫైయర్ల గొంతులు అనుకరించే డబ్బా. గొంతులైతే వచ్చు గాని స్పీకర్లను కదిలించే బలం దానికి లేదు. ఆ బలమిచ్చే పవర్ యాంప్ ఫిబ్రవరిలో వోల్టేజి ఎగదన్ని కాలిపోయింది. తర్వాత కొద్దిరోజులకే మెదడు మలేరియాతో సురేంద్ర పోయాడు. మే నెల పెళ్ళికి తీసుకున్న అడ్వాన్సు ఆసుపత్రికి సరిపోయింది. కృపావతి హాస్టల్లో చదివేనాడే గిటారు నేర్చుకుంది. ఎవరు వాయించినా తమకు అభ్యంతరం లేదని, సౌండు లేకపోతే మాత్రం డబ్బు వెనక్కివ్వాలని పెళ్ళివారు కబురు పెట్టారు. వెనక్కివ్వాలంటే ఇంట్లో అమ్మగలిగినవి ఆ గిటారు, ఆ పెట్టెలే.

ప్రార్థన మందిరం కార్యదర్శి ధనరాజు మైకుసెట్టు యాంప్లిఫైయర్ ఊరికే ఇస్తానన్నాడు. సామాను మాత్రం మందిరంలోనే ఉండాలట, బయట వాయించకూడదట. కలిపి చూశారు. సంతలో పిల్లాడు తప్పిపోయాడని చెప్పే గొంతులా ముక్కుతూ వచ్చింది గిటారు. ముత్యాలమ్మ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని, అచ్చం తన కొడుకేనంది. అందరూ ఏడ్చారు. దేవుని సేవకు ఇంతకంటే ఏం కావాలన్నాడు ధనరాజు.

"పెళ్ళికి కావాలి బాబూ," అంది కృపావతి. "సేవకి కాదు."

గిటారు, ప్రాసెసర్ పట్టుకుని కిరండూల్ రైలెక్కి విశాఖ వెళ్ళింది. సౌండు సామాన్ల దుకాణం వరహాలరావు మొదట అయిదొందల వాట్ల యాంప్ చూపించాడు. మీ ఊళ్ళో సాయంత్రం కరెంటు ఎలా ఉంటుందని అడిగాడు. బల్బులో తీగ ఎర్రగా కనబడుతుందని చెప్పింది. అయితే ఇది నిద్రే లేవదని, దాన్ని పక్కకు తోసి నూటయాభై వాట్లది దించాడు. ఎనిమిదేసి ఓముల స్పీకర్లు రెండూ సమాంతరంగా కలిపితే నాలుగు ఓములు, దానికిది చాలు, జీపు దిగి భుజాన మోసుకుపోవచ్చు కూడా అన్నాడు.

దానికి, దుకాణంలోని స్పీకర్లకి కలిపినా గిటారు ముక్కుతూనే ఉంది. ఎప్పుడూ ఇంతేనంది కృపావతి. వరహాలరావు ప్రాసెసర్ మీటలు నొక్కి చూసి నవ్వాడు.

"ఇందులో ఉత్తుత్తి స్పీకరొకటి ఉంటాదమ్మా. అసలు స్పీకరు లేనోళ్ళకి అది. మీ ఆయన అసలుదీ పెట్టి, ఇదీ ఉంచేసినాడు. దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు."

సురేంద్ర దాన్ని పాతసరుకుగా, వాడకం చెప్పే పుస్తకం లేకుండా కొన్నాడు. వరహాలరావు ఆ ఉత్తుత్తి స్పీకరు తీసేశాడు. తీగెలు ఒక్కొక్కటీ విడివిడిగా పలికాయి. లోయంతా సురేంద్ర వాయింపని మెచ్చుకున్నది ఈ పొరపాటునేనన్నమాట.

"పాతదే కావాలంటే సెప్పమ్మా, మళ్ళీ పెట్టేత్తాను."

"వద్దు. ఆరుబయట వినబడాలి."

ఉన్నంత ఇచ్చి, మిగిలింది వాయిదాల్లో కడతానంది.

ఇంటి దగ్గర సాధన చేస్తుంటే ముత్యాలమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు వింది.

"ఇది ఆడిది కాదు. ఆ మందిరం డబ్బా తెచ్చుకోయే, ఆడు ఇనబడతాడు."

"ఈ డబ్బాలోనే ఉన్నాడత్తా. నేనే ఆపేసినాను."

ముత్యాలమ్మ పెరట్లో ఆరబోసిన మిరియాలు ఎత్తడానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కోడల్ని ఏడవమని అడగలేదు, ఏడవలేదని నలుగురికీ చెప్పింది.

మేలో అనంతగిరి వైపు ఊళ్ళో పెళ్ళి జరిగింది. పందిరి చివరిదాకా సౌండు వెళ్ళింది. సౌండు బాగుంది గాని సురేంద్రలా లేదని పెళ్ళికూతురి తండ్రి అన్నాడు. అవునంది కృపావతి, వైర్లు చుట్టుకుంటూ. ఆమెకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. చేతివేళ్ళు మాత్రం మండుతున్నాయి.

గిటారు అమ్మలేదు. వచ్చిన డబ్బులో బియ్యానికి పోను మిగిలింది వాయిదా కింద పంపింది. వరహాలరావుకి ఇంకా పదిహేడు వందలు ఇవ్వాలి.