నేను చేయని ఫోన్

దయ్యాలు తిరగడం, దేవతలు పూనడం, ఇలాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నాను కాబట్టి అంటున్న మాట కాదు. ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. పలమనేరు చుట్టుపక్కల నా దగ్గర చదువుకున్న ఏ పిల్లను అడిగినా చెబుతుంది.

ప్రతి ఏడూ పాముల మీద ఒక పూట మాట్లాడతాను. పాము పాలు తాగదు. పగ పట్టదు, మనిషి మొహం గుర్తు పెట్టుకునేంత బుర్ర దానికి లేదు. నాగస్వరం పాటకు ఆడదు, ఎదురుగా ఊగే బూరను చూసి తల తిప్పుతుందంతే. సినిమాలో హీరో నోటితో విషం పీల్చి ఉమ్మేస్తాడే, అది వట్టి మోసం. ఇవన్నీ విని పిల్లలు నవ్వుతారు. చివర్లో చెప్పే మాటకు మాత్రం నవ్వరు. పాము కరిస్తే రెండు పళ్ల గాట్లు, రక్తం, వాపు ఉండి తీరాలని అందరూ అనుకుంటారు. కట్లపాము కరిస్తే ఒక్కోసారి ఏమీ కనబడదు. నిద్రలో కరిస్తే మెలకువ కూడా రాకపోవచ్చు.

మా ఇంట్లో ఈ పాఠం చెల్లలేదు. మా నాయనకు పసరు మందు మీద, మంత్రం మీద గురి. నేను నోరు తెరిస్తే, "నీ సదువు నీ బళ్లో సెప్పుకో పాపా," అని లేచి వెళ్లిపోయేవాడు.

నాయన, తమ్ముడు సుధాకర్, తమ్ముడి భార్య రేవతి ఊళ్లో ఉంటారు. టమోటా వేస్తారు, నాలుగు పాడి ఆవులున్నాయి. నేను పలమనేరులో ఉంటాను.

ఆ రోజు పదో తరగతి లెక్కల పరీక్ష. నాకు ఇన్విజిలేటర్ డ్యూటీ. మా దగ్గర ఫోన్లు ఉండకూడదు. పొద్దున తొమ్మిదికి ముందే ఆపేసి, కవర్లో పెట్టి, పైన పేరు రాసి ఇచ్చాను. పరీక్ష కేంద్రం చీఫ్ గారు అందరి కవర్లూ బీరువాలో పెట్టి తాళం వేశారు. మధ్యాహ్నం ఒంటిగంటకు కవర్ తీసుకుని ఫోన్ ఆన్ చేశాను. తమ్ముడి నంబర్ నుంచి పద్నాలుగు సార్లు ఫోన్ వచ్చినట్టు మెసేజ్‌లు. తిరిగి చేస్తే మా ఊరి పాలవ్యాను నడిపే మునిరత్నం ఎత్తాడు.

"అక్కా, నువ్వు సెప్పినట్టే సేసినాం. పలమనేరు ఆసుపత్రిలో సూదులు ఏసినారు. ఇప్పుడు తిరుపతికి పోతా ఉండాం. ప్రాణానికి బయం లేదంటన్నారు."

"నేనేం చెప్పినాను మునిరత్నం? ఎవరికేమైంది?"

అవతల అంబులెన్స్ మోత వినబడుతోంది.

"అదేందక్కా. పొద్దున పదిగంటల కాడ నువ్వే గదా ఫోన్ సేసి, కట్లపాము అని సెప్పింది?"

అప్పటికప్పుడు తిరుపతి బస్సెక్కాను.

జరిగింది తర్వాత నాయనను, రేవతిని, మునిరత్నాన్ని అడిగి తెలుసుకున్నాను. ముగ్గురినీ విడివిడిగా, ఒకరు చెప్పేది ఒకరికి వినబడకుండా అడిగాను.

ముందు రాత్రి సుధాకర్ తోట దగ్గర షెడ్డులో, గోనెపట్టలు పరుచుకుని పడుకున్నాడు. తెల్లారి కడుపునొప్పి అంటూ ఇంటికొచ్చాడు. రేవతి జీలకర్ర కాచి ఇచ్చింది. తొమ్మిదిన్నరకు వాడి కనురెప్పలు వాలిపోసాగాయి. మాట ముద్దగా వచ్చింది. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. పాము సంగతి ఎవరికీ తట్టలేదు. గాలి సోకిందన్నాడు నాయన. పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోదామని మోటార్ సైకిల్ బయటికి తీశాడు.

అప్పుడు తమ్ముడి ఫోన్ మోగింది. నాయన ఎత్తాడు, వినబడింది నా గొంతు. నాయనకు చెవి కొంచెం మందం, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. అందుకే రేవతి కూడా విన్నది. పాల క్యాన్లు తీసుకోవడానికి వచ్చిన మునిరత్నం వాకిట్లో నిలబడి సగం నుంచి విన్నాడు.

"నాయనా, వాడిని కట్లపాము కరిసింది. షెడ్డులో. గాటు ఎతకొద్దు, కనపడదు. మంత్రాల కాడికి పోవద్దు. నీళ్లు కూడా తాపొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి పోండి."

నాయన అడిగాడట. "నీకెవురు సెప్పినారు పాపా, వీడికి బాగలేదని?"

"రేవతీ, నాయన మాట ఇనొద్దు. ఇప్పుడే పో," అని వినబడి ఫోన్ ఆగిపోయింది.

మా నాయన మాటకు రేవతి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. మునిరత్నం క్యాన్లు కిందికి దించేసి, వాడిని వ్యానులో పడుకోబెట్టాడు. ఆసుపత్రికి చేరేసరికి సుధాకర్‌కు ఊపిరి సరిగా అందడం లేదు.

తిరుపతిలో నాలుగు రోజులు ఊపిరి మిషన్ మీద ఉన్నాడు. ఐదో రోజు కళ్లు తెరిచాడు. అక్కడి డాక్టరమ్మ వరండాలో మమ్మల్ని అడిగింది. "గాటే లేదు కదా, పాము అని ఎవరు పోల్చుకున్నారు? ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు." రేవతి నా వైపు చూపించింది. డాక్టరమ్మ నా భుజం తట్టింది.

మునిరత్నం, ఊళ్లో ఇంకో ఇద్దరు కలిసి షెడ్డులో వెతికారు. గోనెపట్టల కింద కట్లపాము ఉంది.

నేను చేయగలిగిన పరిశీలన అంతా చేశాను. తమ్ముడి ఫోన్‌లో ముందు రోజు సాయంత్రం టమోటాలు అమ్మే మండీ నుంచి వచ్చిన ఫోన్ తర్వాత, పదకొండున్నర దాకా వచ్చిన కాల్ ఒక్కటీ లేదు. ఎవరూ చెరిపారని అనుకోను, చెరపడం మా వాళ్లకు రాదు. ఫోన్ కంపెనీ నుంచి వివరాలు తెప్పించాను. అందులోనూ లేదు. నా ఫోన్ బీరువాలోనే ఉంది. చీఫ్ గారిని అడిగాను, తాళంచెవి ఆయన జేబు దాటలేదు.

ముగ్గురూ భయంలో ఏదో ఊహించుకున్నారేమో అని కూడా ఆలోచించాను. మనసు అలాంటి పనులు చేస్తుంది, నాకు తెలుసు. కానీ కట్లపాము లక్షణాలు ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియవు. ఇంకొకటి. నేను రేవతిని ఏనాడూ పేరంతా పెట్టి పిలవను. రేవా అంటాను. ఆ రోజు రేవతీ అని పిలిచావేందొదినా అని ఆమే నన్ను అడిగింది. ముగ్గురూ కలిసి కట్టిన కథ అయితే ఆ తేడా ఎందుకు ఉంటుంది?

ఇంతవరకైతే ఇంట్లోనే దాచుకునేదాన్ని. మునిరత్నం వ్యాను తిరిగే ఊళ్లన్నిటికీ ఈ మాట తిరిగింది. వారం లోపల ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు మైకు పట్టుకుని మా నాయన దగ్గరికి వెళ్లారు. అమాయకంగా ఉన్నదున్నట్టు చెప్పాడాయన. వీడియో పైన నా ఫొటో, నా తల మీద ఐదు పడగలు. "టీచర్ గొంతులో పలికిన నాగదేవత!" ఇరవై రెండేళ్లు నేను ఏది కాదని చెప్పానో, అది నా మొహంతోనే ఊరూరా తిరిగింది. బడికి వచ్చి నాకు దండం పెట్టినవాళ్లు ఉన్నారు.

ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో ఉండగా ఎవరో కొత్త నంబర్ నుంచి ఫోన్. మామూలుగా తరగతిలో ఎత్తను. మళ్లీ మళ్లీ మోగుతుంటే ఎత్తాను. ఒక ఆడమనిషి ఏడుస్తోంది.

"మేడమ్మా, మా ఇంటాయన్ని పాము కరిసింది. ఫోన్ స్పీకర్లో పెట్టినాను. మీరు నాలుగు మాటలు సెప్పండి, ఇసం దిగిపోతాది."

"ఎంతసేపైంది అమ్మా?"

"గంటైంది. మీ నంబరు కోసరం తిరగతా ఉండాం."

ఆసుపత్రికి పో, నా మాటలో ఏమీ లేదు, ఆసుపత్రికి పో అని గొంతు చించుకుని అరిచాను. పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు. ఆమె మాత్రం, "ఇంకోసారి సెప్పండి తల్లీ, ఆయనకు ఇనపడతా ఉండాది," అంటోంది. నా అరుపును కూడా మంత్రంలాగే వింటోంది. చివరికి పక్కనున్న ఇంకెవరో ఫోన్ లాక్కుని, ఆటో పిలుస్తున్నామన్నారు. అతను బతికాడు. కాలు మాత్రం చాలా నెలలు నయం కాలేదు.

ఆ సాయంత్రమే ఆ చానల్ వాళ్లను నేనే పిలిచాను. మైకు ముందు కూర్చుని అబద్ధం చెప్పాను. ముందు రోజు తోటలో పామును చూశానని తమ్ముడు నాతో అన్నాడని, పొద్దున వాడికి బాగలేదని తెలిసి, పరీక్ష కేంద్రం నుంచి వేరే వాళ్ల ఫోన్‌తో నేనే చేశానని చెప్పాను. దేవత లేదు, మహిమ లేదు, పాము కరిస్తే నాకు కాదు అంబులెన్స్‌కు ఫోన్ చేయండి అన్నాను. బతుకంతా నిజం చెప్పమని పిల్లలకు నేర్పినదాన్ని, ఆ నిజం కోసమే అబద్ధమాడాను. ఈ రెండో వీడియో మొదటిదానిలో పదో వంతు మంది కూడా చూడలేదు.

చూసినవాళ్లలో మా పైఅధికారులు ఉన్నారు. పరీక్ష కేంద్రంలో ఫోన్ వాడినందుకు సంజాయిషీ అడిగారు. తప్పయిపోయిందని రాసి సంతకం పెట్టాను. బీరువా తాళం వేసిన చీఫ్ గారు నా మొహంలోకి చాలాసేపు చూశారు.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. మొన్న వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లాను. సుధాకర్ తోటలో మందు కొడుతున్నాడు. నాయన వసారాలో నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"పాపా, ఆ మైకోళ్లకు నువ్వు అబద్ధం సెప్పినావు గదా?"

"అవును నాయనా."

"నాకు తెలుసు. నువ్వు మాట్లాడేది శానా సార్లు ఇన్నాను, ఆ పొద్దు ఇన్నది నీ గొంతే. కాకపోతే ఆ గొంతు ఏడస్తా ఉన్నింది. తమ్ముడు పోయినాక అక్క ఏడస్తాదే, అట్ల."

ఆ గంటలో నేను పరీక్ష గదిలో పిల్లలకు అదనపు పేపర్లు పంచుతున్నాను. నాకు ఏ దిగులూ లేదు, ఏడవలేదు. మరి తమ్ముడు పోయాడని ఏడ్చిన ఆ నేను ఎవరో, ఎక్కడిదో ఆ రోజు నాకు తెలియలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ తెలియదు.