మోటారు చెయ్యి

మూడు ఆదివారాలు తప్పంతా ఆ యంత్రం మీదే వేశాను. నాలుగో ఆదివారం తప్పు నాదని తేలింది. నాకు ముక్కు మీదే కోపం కాబట్టి, ఈ మధ్యలో ఆ ఇంట్లో వాళ్లను కూడా నాలుగు మాటలు అనేశాను.

హజీరాలో ఒక ప్లాంటులో నాది ఇన్‌స్ట్రుమెంటేషన్ పని. వాల్వు తెరుచుకోకపోయినా, మీటరు తప్పు చూపించినా నన్నే పిలుస్తారు. మా టౌన్‌షిప్‌లో ఉండే ఫిజియోథెరపిస్టు ఒకావిడ ఒకరోజు వచ్చి, పర్వత్ పాటియా అనే బస్తీలో మీ తెలుగువాళ్లే ఒకరున్నారని చెప్పింది. చచ్చుబడిన చేతిని మోటారుతో ఆడించే పట్టీ ఒకటి ఎవరో దాతలు ఆయనకు ఇప్పించారట. అది మాట వినడం లేదు, వైర్ల సంగతి నీకు తెలుసు కదా, ఒకసారి చూసి రమ్మంది. అంత పెద్ద ప్లాంటు చూసుకునేదాన్ని, బొటనవేలంత మోటారు నాకొక లెక్కా అనుకుంటూ వెళ్లాను.

ఆయన ఇరవై ఏళ్లు మరమగ్గాలు నడిపిన మనిషి. రెండేళ్ల కిందట కార్ఖానా మెట్ల మీద నుంచి పడి మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. భుజాలు ఆడతాయి, మోచెయ్యి ముడుస్తాడు. అంతకు కింద అన్నీ ఉన్నాయి గానీ, ఏవీ ఆయన మాట వినవు. ఆయన్ను అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలిచేదాన్ని. ఆ ఒంటిగది ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

వదిన అంతకు ముందు అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. అన్న మంచాన పడ్డాక మానేసింది. ఇప్పుడు సేఠ్ మళ్లీ రమ్మన్నాడు, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పని. వచ్చే నెలాఖరు దాకా చూస్తానని, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటానని చెప్పాడు. ఆమె వెళ్లాలంటే ఈయన నాలుగు గంటలు ఒంటరిగా ఉండాలి. అన్నం తినిపించే వెళ్తుంది, చిక్కల్లా నీళ్ల దగ్గరే. మంచానికి సీసా కట్టి పైపు పెడితే సరిపోదా అని నేనూ అడిగాను. పెట్టారట. ఒకరోజు ఆమె కూరగాయలకు వెళ్లినప్పుడు పైపు నోట్లోంచి జారిపోయింది. మళ్లీ అందుకోలేక, ఆమె వచ్చేదాకా ఎండిన నోటితోనే ఉన్నాడు. ఆ రోజు నుంచి వదిన గడప దాటలేదు. ఆయనేమో, ఎంత తక్కువ తాగితే మూత్రం సంచి ఆమె అంత తక్కువసార్లు మార్చాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించేశాడు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి రెండుసార్లు జ్వరంతో ఆస్పత్రిపాలయ్యాడు కూడా.

మోటారు చెయ్యి పనితనం నిజంగా ముచ్చటైనది. మణికట్టును పట్టి నిలబెట్టే ప్లాస్టిక్ తొడుగు, దాని వీపున చిన్న మోటారు, అక్కడి నుంచి వేళ్లకు సన్నని తాళ్లు. మోటారు తిరిగితే బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్లు కలిసి గ్లాసును పట్టుకుంటాయి. రెండేళ్లుగా చలనం లేని వేళ్లు మొదటిసారి గ్లాసు చుట్టూ ముడుచుకోవడం చూసి నేను నిజంగా నోరు తెరిచాను. ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో మోటారుకు చెప్పడానికి ఒక సెన్సర్ ఉంది, కండరం బిగిస్తే కనిపెడుతుంది. ఫిజియో దాన్ని జబ్బ మీద అతికించింది. గ్లాసు నోటిదాకా ఎత్తాలన్నా ఆ జబ్బనే బిగించాలి కదా, బిగించగానే వేళ్లు విడిపోయేవి. నేను దాన్ని నుదుటికి మార్చాను. కనుబొమ్మలు ఎత్తితే చెయ్యి మూసుకుంటుంది, మళ్లీ ఎత్తితే తెరుచుకుంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయినా గ్లాసు పడిపోతూనే ఉంది. ఒకసారి నోటిదాకా వెళ్లి, ఒకసారి సగం దారిలో. ల్యాప్‌టాప్ ముందేసుకుని అంకెలు మార్చీ మార్చీ నా తల ప్రాణం తోకకొచ్చింది. "వదినా, మీరలా అటూ ఇటూ తిరగకండి. ఆయన ధ్యాస చెదిరిపోతోంది," అని కసురుకున్నాను. ఆమె వంట గట్టు దగ్గరికి వెళ్లి నిలబడింది.

నాలుగో ఆదివారం ల్యాప్‌టాప్ ఛార్జర్ ఇంట్లో మరచిపోయాను. చూడటానికి మనుషులు తప్ప ఏమీ లేకపోయింది. అన్న గ్లాసు ఎత్తుతున్నాడు. వదిన అటువైపు నుంచి ఆయన్ను చూసి కనుబొమ్మలు కొద్దిగా ఎగరేసింది. ఆయనా ఎగరేశాడు. గ్లాసు దభీమని ఒళ్లో పడింది. ఆమె స్టవ్ మీద టీ గిన్నె పెట్టింది.

"ఇప్పుడు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?" అన్నాను.

"చాయ్ పెట్టాల్నా అన్నది, నేను పెట్టుమన్న," అని నవ్వాడు అన్న. "మగ్గాల సప్పుడుల చెవుల మొత్తుకున్నా ఇనరాదు మేడం. మా పెండ్లయినంక సగం మాటలు గిట్లనే మాట్లాడుకున్నం."

అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవాల్సింది. తెచ్చుకోకుండా, అలవాటయ్యేదాకా కనుబొమ్మలు కదపొద్దని ఆయనకు గట్టిగా చెప్పి వచ్చాను. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి అన్న ఒక్క చుక్క ఒలకకుండా గ్లాసు ఖాళీ చేసి చూపించాడు. నేను చప్పట్లు కొట్టాను. వదిన కొట్టలేదు.

"గీ చెయ్యి మాకొద్దు మేడం, తీస్కపోండ్రి," అంది. "ఆయిన చేతులు పోయినయి, కాళ్లు పోయినయి. మొఖమొక్కటి మిగిలింది నాకు. వారం సంది దాన్నిగూడ కట్టేసిండ్రు. ఏమడిగినా రాయి లెక్క కూసుంటుండు. నాకు నౌకరి లేకుంటే మాయె."

నాకు సిగ్గేసింది. అన్నే అందుకున్నాడు.

"లొల్లి జేయకే జర," అని ఆమెకు చెప్పి, నా వైపు తిరిగాడు. "మేడం, పోగు తెగితే మగ్గం ఎట్ల ఆగుతదో ఎరికేనా మీకు?"

తెలియదన్నాను. ఆయన చెప్పాడు. మగ్గం మీద ప్రతి పోగుకూ ఒక సన్నని ఇనుప రేకు వేలాడుతుందట. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే ఉంటుంది. పోగు తెగితే కింది కడ్డీల మీద పడుతుంది, కరెంటు కలుస్తుంది, మగ్గం ఆగుతుంది.

"గదే నాకు పెట్టుండ్రి. ఎడమ భుజానికి దారం కట్టుండ్రి. భుజం జార్చిన్నంటే దారం వదులైతది, రేకు పడ్తది, చెయ్యి ఆడ్తది. నా మొఖం నాకు ఇడిసిపెట్టుండ్రి."

నేను చదువుకున్న చదువంతటిలో ఇంత శుభ్రమైన స్విచ్ చూడలేదు. ఆ మనిషి చక్రాల కుర్చీలోంచి కదల్లేడు, కానీ పనివాడి బుర్ర మాత్రం ఎక్కడా ఆగలేదు. నన్ను అన్న దగ్గర ఉంచి, వదిన కార్ఖానా నుంచి అరిగిపోయిన రేకులు నాలుగు అడిగి తెచ్చింది. చెక్క మీద రెండు ఇత్తడి కడ్డీలు బిగించి, చక్రాల కుర్చీ వెనక తగిలించాను. ఫ్యాన్ గాలికి రేకు ఊగి చెయ్యి దానంతటదే తెరుచుకుంటే, "రేకు బరువు సాల్తలేదు, రెండు కలిపి ఎయ్యుండ్రి," అని గడ్డంతో చూపించాడు. నేను ఆయన చెప్పినట్టల్లా చేశాను. అంత ఇష్టంగా నేను ఎవరి కిందా పనిచేయలేదు. మోచేతి దగ్గర పెద్ద బటన్ ఒకటి పెట్టాం, ఒత్తితే వదినకు ఫోన్ పోతుంది. మగ్గాల మోతలో రింగు వినపడదు కాబట్టి, ఫోన్ వణికేలా పెట్టి నడుము దగ్గర దోపుకుంటానంది.

సేఠ్ పెట్టిన గడువుకు మూడు రోజులుందనగా నేను సెలవు పెట్టి వెళ్లాను. వదిన బల్ల మీద నాలుగు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఆయన ఒడి సర్ది, సంచి ఖాళీ చేసి, మూడుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్లింది. నేను కుర్చీ లాక్కుని కూర్చోబోయాను.

"మీరుంటే గిది పరీక్ష ఎట్లయితది మేడం? మీరుగూడ పోండ్రి," అన్నాడు.

కింద మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి పైన ఖంగుమని గ్లాసు పడిన చప్పుడు వచ్చింది. సగం మెట్లు ఎక్కేశాను కూడా. కావాలంటే బటన్ ఒత్తుతాడు కదా, వదిన నాకు ఫోన్ చేస్తుంది కదా అని నన్ను నేను పట్టుకుని మళ్లీ కూర్చున్నాను. ప్లాంటులో ఏ అలారం మోగినా నాకంత భయం వేయలేదు.

ఆరు దాటాక వదిన పరుగులాంటి నడకతో వచ్చింది, జుట్టు నిండా నూలు దూది. ఇద్దరం పైకెళ్లాం.

"ఒక్కపారన్న ఒత్తలేదేంది? నాలుగు గంటలు నడుముకాడ చెయ్యి పెట్టుకొనే ఉన్న!" అంటూనే లోపలికి అడుగుపెట్టింది.

బల్ల మీద మూడు గ్లాసులు ఖాళీగా ఉన్నాయి. నాలుగోది నేల మీద ఉంది, దాని చుట్టూ తడి కూడా పెద్దగా లేదు. వదిన అలవాటుగా కుర్చీ పక్కన వంగి సంచి చూసింది. అలాగే వంగి ఉండిపోయింది. సంచి ఉబ్బి నిండుగా ఉంది.

"ఇన్ని నీళ్లు ఎవలు తాగమన్నరయ్య నిన్ను? జరైతే పగులుతుండె!" అని తిట్టింది. కళ్లు తుడుచుకుంది, మళ్లీ తిట్టింది.

అన్న ఆమెనే చూస్తూ, "దూపైంది," అన్నాడు. "తాగిన."