అత్తయ్య బండికి నల్లతీగ

ఆ రోజుల్లో మా వైపు ఎలక్ట్రానిక్స్ చదివినవాడంటే మిక్సీలు బాగుచేసేవాడని అర్థం. ఇప్పుడు మారిందా అంటే అదీ లేదు. కాకపోతే అప్పట్లో నాకు ఒళ్ళు మండేది, ఇప్పుడు అలవాటైపోయింది (అలవాటూ కాలేదు, ఇది రాస్తుంటేనే మండుతోంది). పాలిటెక్నిక్‌లో చదువుకుని, ఉద్యోగం వచ్చేదాకా ఆమదాలవలసలో మా మేనమామ ఇంట్లో ఉంటే, వీధి వీధంతా ఫ్యాన్లూ గ్రైండర్లూ చంకన పెట్టుకుని వచ్చేది. ఇది నా చదువు కాదండీ అంటే, మరేటి సదివినావు అని అడిగేవారు. ఆ ప్రశ్నకు నా జవాబు పూర్తయ్యేదాకా నిలబడి విన్నవాడు ఒక్కడూ లేడు.

అలాంటి నాకు ఒకే ఒక్కసారి నా చదువుకు తగిన పని దొరికింది. మా అత్తయ్య ఏళ్ళ తరబడి స్టేషను దగ్గర ఒక హోటల్లో పిండి రుబ్బింది. ఆమె చేతి పునుగులకు పేరు మాత్రం హోటలుకు వచ్చేది. ఒకరోజు ఆమెకు విసుగొచ్చి, అక్కడ పని మానేసి, సాయంత్రం పూట సొంతంగా టిఫిన్ బండి పెట్టుకుంటానంది. బండి పెట్టే చోట కరెంటు లేదు. బ్యాటరీతో దీపాలు వెలిగించాలి, దాంతోనే ఒక చిన్న స్పీకరూ మోగాలి. ఆ స్పీకరు మా మావ ముచ్చట. "వేడివేడి బజ్జీలు, పునుగులు" అని తన గొంతుతోనే అందులో రికార్డు చేసుకున్నాడు. దానికోసం రెండు రోజులు మిరియాల కషాయం తాగాడు కూడా.

వైరింగంతా నాది. ప్లస్సుకు ఎర్రతీగ, మైనస్సుకు నల్లతీగ లాగి, బండి కింద చిన్న డబ్బా బిగించి, అందులో ఒక డయోడు పెట్టాను. వేరుశనగ గింజంత నల్లటి వస్తువు, ఒక చివర వెండి గీత ఉంటుంది. అత్తయ్య శనగపప్పు ఏరుతుంటే పక్కన కూర్చుని దాని సంగతంతా చెప్పాను. సైకిలు ట్యూబు వాల్వులో గాలి లోపలికి పోతుంది గాని బయటికి రాదు కదా, ఇదీ కరెంటుకు అలాంటిదే. లోపలున్నది సిలికాను ముక్క. అందులో ఒక సగంలో ఎలక్ట్రాన్లు మిగులుండేలా, రెండో సగంలో వాటికి ఖాళీలుండేలా తయారుచేస్తారు. ఖాళీల వైపు ప్లస్సు, ఎలక్ట్రాన్ల వైపు మైనస్సు కలిపితే రెండు పక్షాలూ సరిహద్దుకు తోసుకొచ్చి దాటేస్తాయి, కరెంటు పారుతుంది. తిరగేసి కలిపితే ఎవరి వెనక్కి వాళ్ళు జరిగిపోతారు, మధ్యలో బీడు మిగులుతుంది, కరెంటు ఆగిపోతుంది. బ్యాటరీ నింపే చార్జర్లో ఇలాంటివే నాలుగు కలిసి, అటూ ఇటూ ఊగే ఇంటి కరెంటును ఒకే దారిలో పెడతాయి. బండి చూరుకు అంటించిన ఎల్‌ఈడీ పట్టీలో ఉన్నవీ డయోడ్లే, కాకపోతే అవి కరెంటు దాటేటప్పుడు వెలుగునిచ్చే రకం. అత్తయ్య ఊఁ కొడుతూనే ఉంది. చివర్లో తలెత్తి, పప్పులో రాళ్ళు బాగా ఉన్నాయిరా అంది.

మావ మాత్రం విన్నాడు. వినకపోయినా బాగుండేది. మరి మన బండికి ఇదెందుకురా అని అడిగాడు. ఎవరైనా బ్యాటరీ తిరగేసి తగిలిస్తే స్పీకరు కాలిపోకుండా ఇది అడ్డుకుంటుందని చెప్పాను. ఎవడు తిరగేస్తాడని నవ్వాడు. నేను నిజాయితీపరుణ్ణి కదా (అదే నా ఖర్మ), కరెంటు దాటేటప్పుడు ఇది ముప్పావు వోల్టు దాకా తనే మింగేస్తుందని కూడా చెప్పేశాను. మావ మొహం మారిపోయింది.

"మన కరెంటు మనం వాడుకుందికి మజ్జిన దీనికి కూలేటిరా?" అన్నాడు.

ఆ క్షణం నుంచి ఆయనకు నా డయోడంటే పడలేదు.

బండి మొదలుపెట్టే రోజు సాయంత్రం నేను స్నానం చేసి వచ్చేసరికి జనం మూగి ఉన్నారు, బండి మాత్రం చీకటిగా ఉంది. మావ స్విచ్చిని టకటకా నొక్కుతున్నాడు. అత్తయ్య కొత్త చీరలో, చేతిలో కొబ్బరికాయతో బొమ్మలా నిలబడిపోయింది. మొదటిరోజే దీపం వెలగని బండి దగ్గర మా ఊళ్ళో ఎవరూ తినరు, అపశకునం అంటారు. ప్యాసింజరు రైలు దిగి జనం వచ్చే వేళయింది. పని మానేసిన హోటలుకు మళ్ళీ వెళ్ళి నిలబడటానికి అత్తయ్యకు మొహం చెల్లదు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

వంగి బండి కిందికి చూశాను. నా నల్లతీగ లేదు. బ్యాటరీ నుంచి డబ్బాలోకి రెండూ ఎర్రతీగలే పోతున్నాయి. బ్యాటరీకి నిండుగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు, అవి కూడా సరిగ్గా ప్లస్సు, మైనస్సు గుర్తుల మీదే. శుభమా అని బండి పెడుతుంటే నల్లతీగేమిటని అత్తయ్య మధ్యాహ్నం మావ చేత అది తీయించి, ఎర్రది వేయించిందట. రెండూ ఒకే రంగు అయ్యాక ఏది ఎటు తగిలించాలో మావకు ఎలా తెలుస్తుంది? తిరగేసి తగిలించాడు. నా డయోడు కరెంటును ఆపేసింది. దాన్ని ఏ పనికి పెట్టానో ఆ పని అక్షరాలా చేసింది.

ఇదే చెప్పబోయాను. వింటే కదా! "నీ డయోడే కరెంటుని ఆపీసినాదిరా, నువ్వే సెప్పినావు కదా ఆపుతాదని" అంటూ మావ డబ్బా తెరిచి, వద్దు మావా వద్దని నేను చెయ్యి పట్టుకుంటున్నా వినకుండా, డయోడును పీకి, దానికి అటూ ఇటూ ఉన్న తీగ కొసలు రెండూ కలిపి ముడేశాడు. దీపాలు వెలగలేదు. వెలగవు మరి, అవీ డయోడ్లే, తిరగేసిన కరెంటుకు నోరు తెరవవు. స్పీకరుకు ఆ తెలివి లేదు. లోపల చిన్నగా టప్‌మంది, సన్నగా పొగ వచ్చింది, కషాయం తాగి చెప్పిన బజ్జీలూ పునుగులూ లోకానికి వినపడకుండానే పోయాయి. జనంలో ఎవరో, ఇంజినీరు చెయ్యి పెట్టాడు గదా అన్నారు. నేను పెట్టిన చెయ్యి ఆపడానికి అని ఆ జనానికి ఎవరు చెప్పాలి?

బండి కింద దూరి, బ్యాటరీ దగ్గర రెండు తీగలూ ఊడదీసి అటుదిటు మార్చాను. నేను రెండో తీగ తగిలిస్తున్న సమయానికే, ఇక దేవుడే దిక్కనుకుని అత్తయ్య కొబ్బరికాయ కొట్టిందట. కాయ పగిలింది, బండి ధగధగా వెలిగింది. జనమంతా చేతులెత్తి దండం పెట్టారు. నేను మోకాళ్ళకు మట్టితో బయటికి వచ్చేసరికి అందరూ కొబ్బరికాయ ఎంత బాగా పగిలిందో చెప్పుకుంటున్నారు. అత్తయ్య నా చేతిలో పునుగుల పొట్లం పెట్టి, "తల్లి దయ సూసినావురా అల్లుడూ" అంది. పునుగులు బాగున్నాయి, అందుకు ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు డయోడును మళ్ళీ బిగించి, కనీసం మైనస్సు తీగకైనా నలుపు గుర్తు ఉండాలి అత్తా అని బతిమాలాను. నలుపు మాట ఎత్తొద్దంది. నాకు పిచ్చికోపం వచ్చింది. చదువంతా పసుపులో కలిసిందని అరిచాను, ఈ బండి వైపు మళ్ళీ చూడనన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. తర్వాత ఉద్యోగం వచ్చి విజయనగరం వెళ్ళిపోయాను. ఇప్పటికీ మావ నన్ను ఫోనులో "ఒరే డయోడూ" అనే పిలుస్తాడు. ఒకవైపే వెళ్తాను, తిరిగి రాననట. ఈ ఎగతాళి అర్థం కావడానికైనా ఆయన నా పాఠం విన్నట్టే కదా!

మొన్న పని మీద ఆమదాలవలస వెళ్ళినప్పుడు బండి దగ్గర ఆగాను. కాయ కొట్టిన గొప్పో, పునుగుల గొప్పో, జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. అలవాటు కొద్దీ వంగి కిందికి చూశాను. బ్యాటరీ కొత్తది, పసుపు కొత్తది, తీగలు రెండూ ఎర్రవే. కానీ మైనస్సు తీగ పొడుగునా నల్లదారం చుట్టి ఉంది, దిష్టి తగలకుండా పసిపిల్లల కాలికి కడతామే, ఆ దారం. ఇదెప్పుడు కట్టావు అత్తా అని అడిగాను.

"నువ్వు ఎల్లిపోయిన మర్నాడేరా. ఆ తీగకి నలుపుండాలన్నావు కదా" అంది, బాండీలోంచి కళ్ళు తిప్పకుండానే. "నల్లతీగ ఒద్దన్నాను గానీ నల్లదారం ఒద్దన్నానేటి?"

అన్నేళ్ళుగా దాచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పునుగుల పొట్లం అందుకున్నాను. ఆ రోజు అత్త మీద గొంతు చించుకున్న కుర్రాడు పక్కనే నిలబడి ఉంటే వాడి నోట్లోనూ ఒకటి పెట్టి, కాస్త ఊదుకుని తినరా అని ఉండేవాణ్ణి.